ముందు ఆగాలి, తర్వాత కదలాలి, చివర మెరవాలి

షెడ్డులోనో, పశువుల పాక పక్కనో, అపార్ట్‌మెంటు సెల్లార్ మూలనో ఏళ్ల తరబడి నిలబడిపోయిన అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాలని అనుకున్నరోజు ఎవరికైనా కలిగే బలమైన కోరిక ఒకటుంది: ఇంజన్ మోగుతుందో లేదో చూద్దాం! ఎక్కడినుంచో బ్యాటరీ తెస్తారు, కార్బ్యురేటర్‌లో కాస్త పెట్రోలు పోస్తారు, సెల్ఫ్ కొడతారు. ఆ కోరికను కొన్నాళ్లు ఆపుకోమని చెప్పడానికే ఈ అధ్యాయం.

చాలాకాలం కదలని ఇంజన్‌లో సిలిండర్ గోడల మీది నూనె పొర జారిపోతుంది. పిస్టన్ రింగులు తుప్పుతో గోడలకు పట్టుకుంటాయి. బేరింగుల దగ్గర నూనె ఉండదు. టాంకులో మిగిలిన పెట్రోలు బంకలా మారి ఉంటుంది. ఆ స్థితిలో బలవంతంగా తిప్పితే రింగు విరగవచ్చు, సిలిండర్ గీసుకుపోవచ్చు. ఇన్నేళ్ల నిర్లక్ష్యం చేయని నష్టాన్ని ఒక్క నిమిషం ఆత్రం చేసేస్తుంది. ఒకవేళ ఇంజన్ అదృష్టం కొద్దీ అందుకుందే అనుకోండి, ప్రమాదం ఇంకా పెద్దది. మోగిన బండిని ఒక్కసారి వీధి చివరిదాకా తీసుకెళ్దామని ఇంట్లో అందరూ అంటారు. ఆ బండికి అప్పటికి బ్రేకులు ఉండవు.

మనసు ముందు మెరుపు కోరుతుంది, తర్వాత పరుగు కోరుతుంది, బ్రేకుల సంగతి చివర గుర్తొస్తుంది. బండికి కావలసిన క్రమం సరిగ్గా దీనికి తలకిందులు. ముందు అది ఆగగలగాలి, తర్వాత కదలాలి, చివర మెరవాలి. ఈ క్రమాన్ని పట్టుకున్నవాళ్ల బండ్లు రోడ్డెక్కుతాయి. తప్పినవాళ్ల బండ్లు రంగు వేసుకుని మళ్లీ అదే షెడ్డులో నిలబడతాయి.

మీ చేతిలో ఉన్నదేమిటి?

అంబాసిడర్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్తాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో దీన్ని 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా తయారుచేసింది. అందుకే విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్‌లూ ఉన్నారు. మన ఊళ్లలో డాక్టర్లు, కాంట్రాక్టర్లు, అధికారులు, టాక్సీవాలాలు అందరూ నడిపిన బండి ఇది. పాత పెట్రోలు అంబాసిడర్‌లో ఉన్నది 1489 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. ఓపికగా నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి గురువు లేదని నేను గట్టిగా నమ్ముతాను. మీది ప్రీమియర్ పద్మినీ అయినా, స్టాండర్డ్ హెరాల్డ్ అయినా పద్ధతి మాత్రం ఇదే.

మొదటి పని: చూడటం

స్పానర్ పట్టుకునే ముందు కాగితాలు పట్టుకోండి. ఆర్సీ తీసి అందులోని ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది నంబర్లతో సరిపోతున్నాయో లేదో చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత బండి బాగున్నట్టు ఆర్టీఏ వాళ్లు పరీక్షించి ఐదేళ్లకొకసారి పొడిగిస్తారు. నాన్నగారి పేరునో, తాతగారి పేరునో ఉండిపోయి వారు లేకపోతే, ఫారం 31 మీద వారసుల పేరుకు మార్పించుకోవాలి.

బండికి 50 ఏళ్లు దాటితే ఇంకో దారి కూడా ఉంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయల రుసుమును ఆ నిబంధనల్లో పెట్టారు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అయితే అలాంటి బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే బయటికి తీయాలి. పైగా ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కాబట్టి ఇంజన్ తీసేసి కొత్త డీజిల్ ఇంజన్ పెట్టిద్దామని ఎవరైనా సలహా ఇస్తే, ఒప్పుకునే ముందు ఈ షరతును గుర్తుచేసుకోండి.

తర్వాత తుప్పు. అంబాసిడర్‌కు లారీలా విడి ఛాసిస్ ఉండదు. బాడీయే దాని ఎముకల గూడు. అందువల్ల ఫ్లోరు, తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి భాగాలు, వెనక కమాను కట్టలు బిగించే చోట్లు పుచ్చిపోతే అది అందానికి సంబంధించిన లోపం కాదు, బండి బలానికి సంబంధించిన లోపం. రబ్బరు మ్యాట్లు ఎత్తండి, డిక్కీలో స్టెప్నీ తీసి కింద చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా గట్టిగా నొక్కండి. టంగుమని మోగితే రేకు బతికి ఉన్నట్టు, మొన దిగబడితే పోయినట్టు. ఒక అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి బాడీ పొడవునా జరపండి. పట్టు వదిలిన చోట రేకు మీద లప్పం మందంగా ఉందని అర్థం. లప్పం కింద తుప్పు పెరుగుతూనే ఉంటుంది. అలాంటి చోట కుళ్లిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేసే టింకరింగ్ పనివాడే కావాలి, పూత పూసేవాడు కాదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు నిలబడిన బండిని ఉప్పుగాలి తింటుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు నిలబడిన బండి రేకు గట్టిగానే ఉండవచ్చు, కానీ ఎండకు రబ్బర్లన్నీ బీటలు తీస్తాయి. మీ బండి ఎక్కడ నిలబడిందో దాన్నిబట్టి ఖర్చు ఎటు వెళ్తుందో ముందే ఊహించవచ్చు.

ఈ చూపు పూర్తయ్యాక ఒక నోటుపుస్తకంలో మూడు పేజీలు తెరవండి: ఆగడం, కదలడం, మెరవడం. కనిపించిన ప్రతి లోపాన్నీ ఈ మూడింటిలో ఒకదాని కింద రాయండి. మొదటి పేజీలో ఉన్నవన్నీ కొట్టేసేదాకా మూడో పేజీలోని దేనికీ డబ్బు ఖర్చుపెట్టవద్దు.

రెండో పని: ఊడ్చడం

కడగడం తర్వాతి సంగతి, ముందు పొడిగా శుభ్రం చేయాలి. తలుపులు తెరవగానే చేయి లోపల పెట్టకండి. సీటు కింద, బానెట్ కింద, చక్రాల గూళ్లలో టార్చి వేసి చూడండి. పాము జాడ ఉంటే పట్టేవాళ్లను పిలవండి. కందిరీగల గూళ్లు దాదాపు ప్రతి బండిలోనూ ఉంటాయి. ఎలుకలు కాపురం పెట్టిన బండి అయితే మాస్కు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, ఎందుకంటే ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. ఆ చోట్లను పొడిగా ఊడవకుండా బ్లీచింగ్ ద్రావణంతో తడిపి తుడవాలి.

సీట్లు విప్పి బయట ఎండలో పెట్టండి. కార్పెట్లు, మ్యాట్లు తీసేయండి. వ్యాక్యూమ్ క్లీనర్‌తో మూలమూలలా దుమ్ము లాగండి. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి సన్నటి రంధ్రాలుంటాయి. ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతే వాననీరు తలుపులోనే నిలిచి రేకును లోపలినుంచి తినేస్తుంది. తీగముక్కతో వాటిని తెరవండి. ఈ చిన్న పని తర్వాతి పదేళ్లు బండిని కాపాడుతుంది.

ఎలుకలు కొరికిన వైర్లకు టేపు చుట్టి సరిపెట్టుకోవద్దు. పాత వైరింగ్‌లో ఇన్సులేషన్ ఎండి పెళుసుగా మారి ఉంటుంది. పాత బండ్లు తగలబడటానికి ఇదొక పెద్ద కారణం. మార్చాల్సినవి మార్పించి, బ్యాటరీ దగ్గర ఒక కటాఫ్ స్విచ్ పెట్టించండి. బండిని వదిలి వెళ్లేటప్పుడల్లా దాన్ని ఆపేయండి.

మూడో పని: ఆగేలా చేయడం

మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తబోతే మర్యాదగానే ఆపండి: “ఇంజన్ తర్వాత చూద్దాం మేస్త్రీ, ముందు నాలుగు చక్రాలూ విప్పుదాం.” అనుభవం ఉన్నవాడైతే ఆ మాటకు సంతోషిస్తాడు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ మాస్టర్ సిలిండర్‌లో, చక్రాల దగ్గరి సిలిండర్లలో తుప్పు పట్టిస్తుంది. లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బడమో, ఎండిపోవడమో జరుగుతుంది. పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ప్రతి డ్రమ్మూ విప్పించి సిలిండర్ కిట్లు మార్పించండి. సిలిండర్ లోపల గుంటలు పడితే సిలిండరే మార్చాలి. రబ్బరు బ్రేక్ పైపులు పైకి బాగా కనిపించినా లోపల ఉబ్బి దారి మూసేస్తాయి. పెడల్ వదిలినా బ్రేకు వదలని బండ్లలో చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది. వాటిని చూడకుండానే కొత్తవి వేయించండి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. పాత బ్రేక్ షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి డ్రమ్ములోని దుమ్మును గాలికొట్టి ఊదవద్దు, తడిగుడ్డతో తుడవాలి. బ్రేక్ రబ్బర్లను పెట్రోలుతో, డీజిల్‌తో కడగవద్దు, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ బాడీ మీద పడితే రంగును లేపేస్తుంది కాబట్టి వెంటనే నీళ్లతో కడగాలి.

టైర్లలో గాలి నింపితే నిలబడ్డంత మాత్రాన అవి మంచివని కాదు. 2000 తర్వాత తయారైన టైర్ల పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2312 అని ఉంటే 2012వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పదేళ్లు దాటిన టైరును బీటలు కనిపించకపోయినా మార్చండి. అంబాసిడర్ పాత సైజు 5.90-15. అలాగే స్టీరింగ్ జాయింట్లు, ముందు సస్పెన్షన్‌లోని గ్రీజు నిపుళ్లు అన్నింటినీ శుభ్రం చేసి, పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా గన్‌తో గ్రీజు పట్టించండి.

నాలుగో పని: కదిలించడం

ఇప్పుడు బానెట్ ఎత్తండి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో కొద్దిగా ఇంజన్ ఆయిల్, డీజిల్ కలిపి పోసి కొన్నిరోజులు నాననివ్వండి. పాత ఆయిల్ దించేయండి. అది పాలమీగడలా తెల్లగా వస్తే అందులో నీళ్లు కలిశాయని అర్థం. అప్పుడు హెడ్ ప్యాకింగ్ సంగతి తేల్చకుండా ముందుకు వెళ్లవద్దు. ఫిల్టర్ మార్చి 20డబ్ల్యూ-50 రకం కొత్త ఆయిల్ పోయండి.

తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందువైపు హ్యాండిల్ దూర్చి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పాలి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలును మిగతా వేళ్ల వైపే ఉంచండి. ప్లగ్గులు బిగించి ఉన్నప్పుడు ఇంజన్ వెనక్కి తంతే వేలు విరుగుతుంది, అందుకే ఈ అలవాటు మొదటినుంచే ఉండాలి. తిరగకపోతే బలం పెంచకండి. ఇంకొంత నూనె, ఇంకొన్ని రోజులు. గేరులో వేసి ఇంకో బండితో లాగించడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. తిరగడం మొదలయ్యాక పైన రాకర్ కవర్ విప్పి ఎనిమిది వాల్వులూ పైకీ కిందికీ ఆడుతున్నాయో లేదో కళ్లారా చూడండి.

పెట్రోలు టాంకు దింపి, పాత పెట్రోలు పారబోసి, లోపల కడిగించాలి. టాంకుకు చిల్లు ఉంటే అది ఖాళీగానే ఉంది కదా అని వెల్డింగ్ పెట్టించవద్దు; లోపలి ఆవిరి పేలుతుంది. ఆ పని తెలిసినవాళ్లు ఆవిరంతా పోగొట్టిన తర్వాతే చేయాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్, కార్బ్యురేటర్ ప్యాకింగులు దానికి తట్టుకోలేవు. ఇథనాల్‌కు ఓర్చుకునే కొత్త రకం పైపులు, కిట్లు అడిగి తెప్పించుకోండి.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లను సన్నటి ఎమరీ కాగితంతో శుభ్రంచేసి, వాటి మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో 0.015 అంగుళానికి సరిచేయండి. స్పార్క్ ప్లగ్ ఖాళీ 0.025 అంగుళం. ఈ ఇంజన్‌లో ప్లగ్గులు అందుకునే వరస 1-3-4-2. బ్యాటరీ బిగించే ముందు ఏ కొసను బాడీకి కలిపారో చూసుకోండి. బ్రిటిష్ డిజైన్‌తో వచ్చిన తొలినాటి బండ్లలో ప్లస్ కొసను బాడీకి కలపడం ఉండేది. తిరగేసి బిగిస్తే డైనమో దెబ్బతింటుంది.

రేడియేటర్‌ను కింది గొట్టంలోంచి పైకి నీళ్లు పట్టించి కడగండి. ఎర్రటి బురద ఆగి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. గొట్టాలు, ఫ్యాన్ బెల్టు కొత్తవి వేయండి.

అప్పుడు కూడా వెంటనే స్టార్ట్ చేయకండి. ప్లగ్గులు లేకుండా, కాయిల్ వైరు తీసేసి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్‌ను కొద్దికొద్దిగా తిప్పండి. నూనె ప్రతి బేరింగుకూ చేరాకే ప్లగ్గులు బిగించాలి. లంఖణాలు చేసి లేచిన మనిషికి మొదట గంజే పోస్తారు, విందు పెట్టరు. ఇంజన్‌కూ అంతే. దాన్ని కొద్దిసేపు, తక్కువ వేగంలో తిరగనిచ్చి ఆపండి. కారుతున్న చోట్లు చూసుకోండి, మళ్లీ తిప్పండి. ఈ పని ఆరుబయట చేయాలి, మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది. మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో ఉండాలి. మొదటి ప్రయాణం ఖాళీ స్థలంలో, నడక వేగంతో, అడుగడుక్కీ బ్రేకు నొక్కి చూసుకుంటూ సాగాలి.

చివరి పని: మెరిపించడం

ఇప్పుడు మాత్రమే బకెట్ తీయండి. ఎండిన దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే ప్రతి ఇసుకరేణువూ ఒక గీత గీస్తుంది. మామూలు పైపుతో నీళ్లు పట్టి మట్టిని నాననివ్వండి. ప్రెషర్ వాష్ కొడితే పాత రబ్బర్లలోంచి నీళ్లు లోపలికి దూరతాయి, పెచ్చులూడుతున్న రంగు లేచిపోతుంది. కారు షాంపూతో, రెండు బకెట్లతో పైనుంచి కిందికి కడగండి. ఒక దాంట్లో షాంపూ నీళ్లు, రెండో దాంట్లో గుడ్డ జాడించుకునే మంచినీళ్లు.

పాతకాలపు రంగు మీద ఇప్పటి కార్లలా పారదర్శకమైన పైపూత ఉండదు. కాబట్టి మెత్తటి పాలిష్‌తో రుద్దితే గుడ్డకు బండి రంగే అంటుతుంది. కంగారుపడకండి, ఎండకు చచ్చిన పైపొర అది. దాని కింది పొర మెరుస్తుంది. అంచుల మీద, మడతల మీద మాత్రం రుద్దకండి, అక్కడ పొర పలచన. చివర మైనం పట్టించండి. క్రోమ్ బంపర్ మీది తుప్పు చుక్కలను తడిపిన అల్యూమినియం రేకు ఉండతో రుద్దితే చాలావరకు పోతాయి. బాడీ మీది పైపై తుప్పును గీకి, తుప్పును నిలిపే ద్రావణం పూసి, రెడ్ ఆక్సైడ్ వేసి ఆపేయండి.

ఫ్యాక్టరీ రంగు సగానికి పైగా బాగుంటే మొత్తం రంగు వేయించవద్దన్నది నా అభిప్రాయం. కొత్త రంగు ఎప్పుడైనా వేయవచ్చు. ఒకసారి గీకేసిన అసలు రంగు మళ్లీ రాదు.

మొదలుపెట్టినవాళ్లు ఎక్కడ ఆగిపోతారు?

పాత బండ్ల పని ఆగిపోవడానికి డబ్బు లేకపోవడం కన్నా పెద్ద కారణం ఒకటుంది: అన్నీ ఒకేసారి విప్పేయడం. మొత్తం విప్పిన బండి తిరిగి బిగింపుకు రావడం అరుదు. సంచుల్లో నట్లుగా, గోనెల్లో రేకులుగా అమ్ముడుపోతుంది. అందుకే ఒక భాగం విప్పండి, దాన్ని బాగుచేసి బిగించండి, తర్వాతే రెండోదాన్ని ముట్టుకోండి. విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీయండి. నట్లను డబ్బాల్లో వేసి పేర్లు రాయండి. డబ్బు అయిపోయినా, వాన పట్టినా, పని ఒత్తిడి పెరిగినా అప్పటిదాకా చేసింది చెక్కుచెదరకుండా ఉంటుంది.

విడిభాగాలకు సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాలు, విజయవాడ ఆటోనగర్ తిరగండి. పాత భాగాన్ని చేత్తో పట్టుకెళ్లండి, పేరు చెప్పడం కన్నా వస్తువు చూపించడం మేలు. అంబాసిడర్ల మీదే చేయి తిరిగిన పెద్దవయసు మెకానిక్ దొరికితే ఆయన పక్కన కూర్చుని నేర్చుకోండి. ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఆ విద్య మరో తరానికి అందాలంటే దానికి విలువ కట్టేవాళ్లు ఉండాలి.

మళ్లీ పడుకోనివ్వకండి

బండి రోడ్డెక్కిన రోజుతో పని అయిపోదు. అది మొదట్లో ఎందుకు ఆగిపోయిందో గుర్తుచేసుకోండి. చాలా ఇళ్లలో పెద్ద లోపమేదీ లేదు. దానికి పని లేకుండా పోయింది, అంతే. కొత్త కారు వచ్చింది, పాతది మూలకు చేరింది, ‘వచ్చేవారం తీద్దాం’ అన్న మాట ఏళ్లయింది. కదిలే ప్రతి భాగం కదలిక మీదే బతుకుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు నిలవ ఉంటే తేమను పీల్చుకుంటుంది. వాడని బ్రేకు పట్టుకుంటుంది, వాడని బ్యాటరీ చచ్చిపోతుంది. కాబట్టి మీ అంబాసిడర్‌కు వారానికొక పని పెట్టండి: ఆదివారం కూరగాయలు తేవడమో, అమ్మను గుడికి తీసుకెళ్లడమో. వింటేజ్ నమోదు చేయించిన బండి అయితే నిబంధనలు ఒప్పుకునే మేరకే తీయండి. మిగతా రోజుల్లో ఇంటి ఆవరణలో ఆరుబయట ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిప్పి, కాస్త ముందుకూ వెనక్కూ నడిపి బ్రేకులు పట్టించండి.

ఈ వారం సాధన

ఒకటి: ఆర్సీ వెతికి, నంబర్లు సరిచూడండి.
రెండు: టార్చి, స్క్రూడ్రైవర్, అయస్కాంతం తీసుకుని బండి చుట్టూ ఒక పూట గడపండి. ఏదీ విప్పవద్దు.
మూడు: నోటుపుస్తకంలో మూడు పేజీలు నింపండి.
నాలుగు: మొదటి పేజీ ఖర్చుకు మాత్రమే డబ్బు పక్కన పెట్టండి.
ఐదు: బాగైన బండికి వారం వారం అప్పగించబోయే పని ఏమిటో ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఆ ఐదో వరసలో రాయడానికి ఏమీ తోచకపోతే, ఆ బండిని నడిపే కోరిక ఉన్న మరొకరికి అప్పగించడమే దానికి మీరు చేయగల మేలు. తోచిందా, అయితే రేపు పొద్దున్నే టార్చిలో బ్యాటరీలు వేయండి.